బేస్తవారం ఫోల్డర్

ఆదివారం. ఉదయం 10:40. కువైట్‌లోని షువైఖ్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్.

మాయమైంది ఒక ఫోల్డర్. అందులో పద్నాలుగు వందల పేజీల తెలుగు-అరబ్బీ నిఘంటువు, ఆఖరి దిద్దుబాట్లతో సహా.

డేటా రికవరీ నిపుణురాలు కనకవల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. విజయవాడ మనిషి. ఇలాంటి కేసులంటే ఆమెకు ఒళ్లుమంట. దొంగ మాట తర్వాత, జనం ఫైళ్లు పెట్టుకునే తీరు చూస్తేనే తల పగిలిపోతుంది.

"పన్నెండింటికి అచ్చు ప్లేట్లు మొదలవ్వాలి మేడమ్," అన్నాడు మేనేజర్ సుజిత్. "లేకపోతే ఆర్డర్ పోతుంది. ఇతను పని చేయకుండానే చేశానంటున్నాడని స్పాన్సర్ చేసిన కఫీల్‌కి డౌట్. ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూ చేయనంటున్నారు."

ఆ ఇఖామా టైప్‌సెట్టర్ నాగేంద్రప్రసాద్‌ది. కడప జిల్లావాడు. గోడకానుకుని నిలబడ్డాడు.

"ఆఖరుసారి ఎప్పుడు సేవ్ చేశారు?"

"బేస్తవారం మధ్యాహ్నం ఒకటీ యాభైకి మేడమ్. శుక్ర, శనివారాలు సెలవు. పని అయిపోతానే బటన్ నొక్కుతా. నా ప్రోగ్రామే ఆ పొద్దు తేదీ పేరుగా పెట్టి, ఫోల్డర్ చేసి, సర్వర్లో పెడతాది."

"రోజుకొకటా?"

"రెండేండ్లుగా మేడమ్."

స్క్రీన్ మీద ఐదు వందలకు పైగా ఫోల్డర్లు. పేర్ల వరుసలో. కొత్తది ఎప్పుడూ అట్టడుగున. అక్కడున్నది 20251105. బుధవారం. ఆఖరి దిద్దుబాట్లు పడని ప్రతి. దాని కింద ఏమీ లేదు.

"అన్నిటికీ ఇవాళ్టి టైమే ఉందేమిటి?"

"భయమేసి పొద్దున్నే అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసి మళ్లా పెట్టినా మేడమ్..."

"బాగుంది! ఉన్న ఒక్క సాక్ష్యం చేతులారా చెరిపేశారు."

11:05.

"ఎవరి మీద అనుమానం?"

ప్రసాద్ తల దించుకున్నాడు. "బేస్తవారం నా సిస్టమ్ చెడిపోయింది. ఖాదర్ భాయ్ సిస్టమ్‌లో నా ప్రోగ్రామ్ ఎక్కించుకొని చేసినా. ఆయన తప్ప దాన్నెవరూ తాకలే."

ప్లేట్ మెషిన్ దగ్గరున్న అబ్దుల్ ఖాదర్ వెనక్కి తిరిగాడు. వయసు యాభై దాటింది. అతనిదీ ప్రసాద్‌దీ ఒకే ఊరు.

"నా సంచీ గూడా దులిపినాడు మేడమ్, పెన్‌డ్రైవ్ కోసం. అందరి ముందర."

"మీ సిస్టమ్‌లో మామూలుగా ఏం పని చేస్తారు?"

"మసీదులకు క్యాలెండర్లు. పదేండ్లుగా అదే."

కనకవల్లి లేచి అతని స్క్రీన్ చూసింది. కింద మూలన ఉన్న తేదీ చూసింది. గబగబా వెనక్కి వచ్చి, జాబితాను అట్టడుగు నుంచి పైదాకా జరిపింది.

మొట్టమొదట ఒక పేరు. 14470515.

"ఇదేమిటి?"

"అరబిక్ జాబ్ నంబర్ మేడమ్," అన్నాడు సుజిత్. "మా జాబ్ నంబర్లూ ఎనిమిది అంకెలే. పొరపాటున ఇందులో పడుంటుంది. వాటిని మేం తెరవం."

"ముగ్గురూ ఇటు రండి."

11:32.

"ఇది నంబర్ కాదు, తేదీ. మసీదు పనుల కోసం ఖాదర్ గారి సిస్టమ్‌లో ఇస్లామిక్ హిజ్రీ క్యాలెండర్ పెట్టి ఉంది. ఆ లెక్కన మొన్నటి బేస్తవారం 1447, ఐదో నెల, పదిహేను. ప్రసాద్ ప్రోగ్రామ్ ఆ తేదీనే పేరుగా పెట్టింది. 2025 కంటే 1447 చిన్నది. అందుకే కొత్త ఫోల్డర్ పైకెక్కి కూర్చుంది. పొద్దుట్నుంచీ మీరంతా కిందే వెతుకుతున్నారు."

తెరిచింది. పద్నాలుగు వందల పేజీలూ ఉన్నాయి.

"లేని దొంగ కోసం గంటసేపు!" విసుక్కుంటూ బ్యాగ్ సర్దుకుంది. సుజిత్ కఫీల్‌కి ఫోన్ చేయడానికి బయటికి పరిగెత్తాడు.

ప్రసాద్ కళ్లు తుడుచుకున్నాడు. "తప్పయిపోయింది భాయ్."

"ఫైలు పంపు. టైమ్ లేదు."

"భాయ్..."

"తొమ్మిదేండ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం ప్రసాదూ. అడిగింటే నేనే సంచీ ఇప్పి చూపించేవాణ్ణి గదా."

11:48. మొదటి ప్లేట్ బయటికొచ్చింది.

ఖాదర్ సంచీలోని సామాన్లు ఇంకా బల్ల మీదే చెల్లాచెదరుగా ఉన్నాయి. టిఫిన్ డబ్బా, షుగర్ మాత్రలు, కూతురి పెళ్లి ఫోటో. ప్రసాద్ ఒక్కొక్కటీ తీసి సంచీలో పెట్టసాగాడు.

ఖాదర్ అటు చూడలేదు.