గంప కింది జొన్నమల్లె

"మల్లె ఏదీ?"

చేనుగట్టు మీద నిలబడి అర్చన అడిగిన మొదటి మాట అదే. నమస్తే లేదు, మంచినీళ్లు లేవు.

"పీకేసిన మేడం," అన్నాడు శ్రవణ్ కుమార్ చేతులు దులుపుకుంటూ. "నిన్ననే. పీకినయన్ని కాలబెట్టిన."

అర్చనకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నే వనపర్తిలో బస్సెక్కి గద్వాల, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఏడుగురి మధ్య ఇరుక్కుని ధరూర్, ఆపైన బురదలో రెండు కిలోమీటర్ల నడక. ఇదంతా దేనికీ అంటే, ఈ ఎకరం పచ్చజొన్నలో కనబడ్డ జొన్నమల్లె అనే తెల్లపూల కలుపు ఏ జాతిదో తేల్చడానికి. బోటనీలో ఎమ్మెస్సీ చేసిందని విత్తన సంఘం వాళ్లు ఆమెను ఆ పనికే పెట్టుకున్నారు. ఆమె సంతకం పెడితే ఈ జొన్న వచ్చే ఏడు పది ఊళ్లకు విత్తనంగా పోతుంది. పెట్టకపోతే సంతలో మామూలు గింజే.

"తనిఖీకి వస్తున్నానని పీకారా?"

"పువ్వు గింజ కాకముందే పీకాలె. మా అమ్మ నాకు అఆల కన్న ముందు గదే నేర్పింది."

"అంటే దాచలేదంటారు?"

"దాసెటోన్నే అయితే, మా చేన్ల మల్లె పడ్డదని మీ ఆఫీసుకు నేనే ఎందుకు ఫోన్ జేస్త?"

నిజమే. ఫోన్ చేసింది ఇతనే. అర్చన నాలుక కరుచుకుంది. కానీ తగ్గడమన్నది ఆమె జాతకంలో లేదు.

"పువ్వు లేకపోతే నేనేం చూడాలి? మీ మొఖమా?"

"సూడున్రి, ఎవలొద్దన్నరు?"

పక్క సాలులో గడ్డి కోస్తున్న అతని తల్లి కిష్టమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వానికి జర నోరెక్కువ బిడ్డా. పట్టించుకోకు."

అదృష్టం బాగుండి గట్టు మీది గడ్డిలో రెండు తెల్లపూలు మిగిలాయి. అర్చన ఒక కొమ్మ తెంపి, మెడలోని లెన్స్ తీసి అతని చేతికిచ్చింది.

"పువ్వు కింద ఆకుపచ్చ గొట్టం ఉంది కదా. దాని మీద నిలువు గీతలు లెక్కపెట్టండి."

"గిదేంది, పరీక్ష నాకా మీకా?" అంటూనే అతను ఒక కన్ను మూశాడు. పెదాలు కదుపుతూ బడిపిల్లాడిలా లెక్కపెట్టాడు. నవ్వు రాకుండా అర్చన నల్లమబ్బు కేసి చూసింది.

"పదిహేను."

"పదిహేనుంటే అంగుస్టిఫోలియా. దాని కన్నంతా గడ్డి మీదే. ఐదో, పదో ఉంటేనే జొన్నకు గండం. పది గీతలది ఆసియాటికా, జొన్న వేరును పట్టుకుని పీల్చే అసలు దొంగ."

"ఆకులు పచ్చగనే ఉన్నయ్ గద, సొంతంగ బతుకలేదా?"

"సొంతంగానే వండుకుంటది. నీళ్లు మాత్రం పక్కింటి బావిల తోడుకుంటది," అంది అర్చన. కోపం దిగితే ఆమె నోట వనపర్తి మాట దానంతటదే వచ్చేస్తుంది.

శ్రవణ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు బాగా నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది. గబగబా ఫారం తీసింది.

"చేనులో మొలిచినవీ ఇవే అయి ఉంటాయి. పాస్ రాసేస్తున్నా."

"అయి ఉంటయా, అయినయా?"

అర్చన పెన్ను ఆగింది.

"మేడం, జర ఇటు రాన్రి," అన్నాడతను. నవ్వు ఎటు పోయిందో తెలియదు.

చేను నడిమధ్యలో ఒక గంప బోర్లించి ఉంది. దాని మీద రాయి. అతను రాయి తీసి గంప ఎత్తాడు. వాడిపోయినట్టున్న జొన్న మొదటికి బెత్తెడు దూరంలో, జానెడు ఎత్తున, తెల్లగా ఒకే ఒక్క మల్లె.

"మీకు సూపియ్యాలని ఒక్కటి ఇడిసిపెట్టిన. రాంగనే చెప్పనీకి మనసొప్పలె. మేకలు మేయకుండ గంప మూసిన."

చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నోటి దాకా వచ్చిన పాస్‌ను ఇతనే వెనక్కి నెట్టుకున్నాడు. అర్చన పెన్నుకు మూత పెట్టింది.

అప్పుడే వాన మొదలైంది. ఆమె బురదలో మోకాళ్ల మీద కూర్చుంది. అతను గొడుగు పట్టాడు, పువ్వుకూ ఆమెకూ మాత్రమే. తను నిలువునా తడిశాడు. అర్చన లెక్కపెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారీ పెట్టింది.

"ఎన్ని?"

"పది."

వెనకే వచ్చిన కిష్టమ్మ మెల్లగా అంది, "మా అత్త కాలం నాటి ఇత్తనం బిడ్డా అది."

అర్చన చెయ్యి కదల్లేదు. పదికి ఐదు కలిపి పదిహేనని రాయడం ఎంతసేపు?

"రాయి," అన్నాడు శ్రవణ్. మేడం అనే పిలుపు ఎటో పోయింది, రాన్రి అనే మర్యాద ఎటో పోయింది. "మల్లె గింజ పిండి లెక్కుంటది. జొన్నలతోని పది ఊర్లకు పోతది. మా ఇంటి పేరు చెప్పి ఎవని చేనూ ఎండొద్దు."

ఆమె పది అనే రాసింది, పాస్ సంతకం పెట్టలేదు. ఆటోలో ముఖం బయటికి తిప్పుకుని ఏడ్చింది కూడా.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఒకటే పరేషాన్. మెసేజ్ టైప్ చేయడం, చెరిపేయడం. ఆ ఇంటి విత్తనం పేరు చెడగొట్టిన మనిషిని వాళ్లెందుకు తలుచుకుంటారు? పదమూడో రోజు శ్రవణే ఫోన్ చేశాడు.

"పల్లి ఏస్తే మల్లె పోతదంట, నిజమేనా?"

"నిజమే. పల్లి వేరు పిలుపుకు మల్లె గింజ నిద్ర లేస్తది. పట్టుకోనీకి చేతగాక చస్తది."

"ఫోన్ల నాకు సమజ్ కాదు. ఆదివారం వచ్చి చెప్పు."

ఆదివారం నాటికి జొన్న కోత అయిపోయింది. గట్టు మీదే పొయ్యి పెట్టి కిష్టమ్మ పచ్చజొన్న రొట్టెలు చేస్తోంది. పాత విత్తనం ఇంట్లో కుండ నిండా ఉందట, వచ్చే ఏడు మల్లె పడని తన చెల్లెలి పొలంలో చల్లుతుందట. ఆ మాట విన్నాకే అర్చనకు ముద్ద దిగింది.

"గా మల్లె గింజ భూమిల ఎన్నేండ్లు బతుకుతది బిడ్డా?" అంది కిష్టమ్మ.

"ఇరవై ఏండ్ల దాకా ఉండొచ్చు. ఏటా చూస్తుండాలి."

శ్రవణ్ రొట్టె పక్కన పెట్టాడు. ఎప్పుడూ తడుముకోని మనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఇరవై ఏండ్లు వనపర్తి నుంచి ఆటోల ఏడుగుర్ల నడుమ ఇరుక్కోని ఎందుకొస్తవ్? ఈడనే ఉండరాదూ."

"తనిఖీకా?"

"చేన్ల తనిఖీకి. నాక్కూడ." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు పది అని రాసిన్నాడే నాకు మనసైంది. పదిహేనని రాసుంటే ఫోన్ జేసెటోన్ని గాదు."

కిష్టమ్మ పెనం మీది రొట్టె తిప్పడం మరిచిపోయి అర్చన కేసే చూస్తోంది. అర్చన తన పళ్లెం ముందుకు జరిపింది.

"అత్తమ్మా, రొట్టె మాడుతుంది. గది నాకే ఎయ్యి."