లివరుకి కట్టిన తువ్వాలు

ప్రత్తిపాడు దాటి పడమటి డొంకలోకి తిరిగితే మైలున్నర దూరంలో మూతపడ్డ జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. పొద్దుగూకాక ఆ డొంక వెంట పత్తిబండి తోలేవాడు ఎంత మొనగాడైనా సరే, భుజం మీది తువ్వాలు తీసి పంచె లోపల దోపుకునేవాడు. భుజాన తువ్వాలు కనిపిస్తే లోపలున్నది ఊరుకోదని ఆ మిల్లుకి పేరు.

పేరు ఊరికే రాలేదు. ఇనప ముక్కలు ఏరుకుందామని గోడ దూకిన ఒకడు తెల్లారి గేటు ముందు దొరికాడు — మోచెయ్యి వెనక్కి విరిగి, ముందు పళ్ళు నాలుగు లేకుండా. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వెళ్ళిన ఇంకొకడికి తల పగిలింది. ఏమైందిరా అంటే ఇద్దరూ ఒకటే చెప్పారు. చీకట్లో బెల్టు చప్పుడు... టప్... టప్... ఆ తర్వాత దెబ్బ.

మోటారు అమ్మేసి, కరెంటు పీకేసి ఇరవై ఏళ్ళు దాటిన మిల్లులో బెల్టు ఎలా తిరుగుతుందని అడిగినవాడు ఒక్కడే — మాబు సాహెబ్. ప్రత్తిపాడు సెంటర్లో వాచీలు, గడియారాలు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. నలభై అయిదేళ్ళ మనిషి, నోరు పెద్దది, దెయ్యాలంటే నవ్వు. "కీ ఇవ్వకుండా ఏదీ తిరగదయ్యా, దెయ్యమైనా సరే," అనేవాడు. ఎనభై నాలుగులో, మిరపకోతల రోజుల్లో, ఆ నవ్వు ఆగిపోయింది.

అంతా ఓ బొమ్మ రైలుతో మొదలైంది.

మిషన్ స్కూలు టీచరు దేవకుమారి ఒక సాయంత్రం దాన్ని గోనెసంచిలో తెచ్చి కొట్టు బల్ల మీద పెట్టింది. రేకు ఇంజను, మూడు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు. కీ ఇస్తే నడిచే రకం, సీమ సరుకు. మిల్లులో మిషన్లు బిగించడానికి వచ్చిన దొర తిరిగి వెళ్తూ ఫిట్టరు యేసుపాదానికి ఇచ్చిపోయాడట. యేసుపాదం ఆమె తండ్రి.

యేసుపాదం ఎవరో మాబుకి చెప్పక్కర్లేదు. మిల్లులో దెయ్యమై తిరుగుతున్నది ఆయనేనని ఊరంతా చెప్పుకునేది.

"మా అమ్మ మంచాన పడింది సాహెబు గారూ. పత్తి ధూళి ఊపిరితిత్తుల్ని తినేసిందన్నారు. పది రోజులు కూడా కష్టమన్నారు. ఈ రైలు ఒక్కసారి తిరగ్గా చూడాలంటోంది."

"అంతేనా టీచరమ్మా? దానికి కళ్ళనీళ్ళెందుకు?"

"అంతే కాదు..." ఆమె బయటికోసారి చూసి గొంతు తగ్గించింది.

ఆ మిల్లులో ఒక కట్టడి ఉండేది. గింజ వేరుచేసే జిన్ను మిషనులో పత్తి ఇరుక్కుంటే ఫిట్టరు బెల్టు తప్పించి, బెల్టు లివరుకి తన తువ్వాలు కట్టి, అప్పుడు లోపలికి దూరేవాడు. లివరుకి తువ్వాలుందంటే లోపల మనిషున్నట్టు. పని అయ్యాక బయటికొచ్చి, పేరు చెప్పి, కట్టినవాడే విప్పాలి. ఇంకొకడు దాని మీద చెయ్యి వెయ్యకూడదు.

అరవై రెండులో యేసుపాదం లోపల ఉండగానే మిషను తిరిగింది. ముందు చెయ్యి, భుజం దాకా. ఆ తర్వాత తల... బయటికి లాగినవాళ్ళు మూడు రోజులు అన్నం ముట్టలేదు. పక్కనున్న దూది కుప్ప కుప్పంతా ఎర్రబడిపోతే గొయ్యి తీసి పూడ్చారు.

ఫిట్టర్లకి పైవాడైన మిల్లు మిస్త్రీ చెంచురామయ్య కోర్టులో ఒకే ముక్క చెప్పాడు. "తాగున్నాడు. తువ్వాలు కట్టకుండా దూరాడు." మిగతావాళ్ళంతా తలూపారు. అంతకు మూడు రోజుల ముందే, దూదిలో గింజలేరుతున్న దేవకుమారి తల్లి రెబ్కమ్మ మీద చెయ్యి వేసినందుకు, ఆమె మొగుడు యేసుపాదం అందరి ముందూ ఆ మిస్త్రీ చెంప పగలగొట్టాడు. ఆ సంగతి ఒక్కడూ ఎత్తలేదు.

"ఆ పొద్దున నాన్న ఈ ఇంజనులో పళ్ళచక్రం ఊడదీసి, తువ్వాలు కొసన ముడేసుకుని వెళ్ళాడు," అంది దేవకుమారి. "పన్ను వంగిందమ్మా, మిల్లులో సరిచేసుకొస్తానన్నాడు. నాకప్పుడు ఆరేళ్ళు. ఆ తువ్వాలు దొరకలేదు, చక్రమూ దొరకలేదు. తాగుబోతు చావని రాసేశారు. ఇరవై రెండేళ్ళుగా అమ్మ అది మోస్తోంది. మా నాన్న తువ్వాలు కట్టే దూరాడని పోయేలోగా ఆమెకి తెలియాలి సాహెబు గారూ."

మాబు ఇంజను తిరగేసి, చక్రం ఉండాల్సిన ఖాళీ చూశాడు. "ముందు రైలు నా దగ్గర వదిలెయ్యి," అన్నాడు.

ఆరు రోజులు కొట్టుకి వచ్చిన గడియారాలన్నీ పక్కన పడేశాడు. కిరసనాయిల్లో నానబెట్టి తుప్పు రాల్చాడు. తెగిన స్ప్రింగు బదులు పాత అలారం టైంపీసు స్ప్రింగు కత్తిరించి వేశాడు. పెట్టెల కొక్కేలకి తలపిన్నులు, పట్టాల చీలలకి సైకిలు చువ్వలు. చిల్లిపడ్డ రేకుకి మాటేసి, ఆకుపచ్చ రంగు పూశాడు. అన్నీ కుదిరాయి గాని ఆ చక్రం ఒక్కటే కుదరలేదు. గుంటూరు పాత సామాన్ల కొట్లన్నీ గాలించాడు. లేతు షాపువాడు నమూనా తెస్తేనే కోస్తానన్నాడు. ఎన్ని గడియారాల చక్రాలు తెచ్చి బిగించినా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంజను రెండు పళ్ళు కదిలి కిర్రుమని ఆగిపోయేది.

ఏడో రోజు మిల్లు గేటు దగ్గరికి వెళ్ళాడు.

వారసుల తగాదాలో మిల్లు కోర్టుకెక్కినప్పటి నుంచీ అక్కడ వాచ్‌మన్ చెంచురామయ్యే. అడిగి మరీ ఆ పనిలో చేరాడంటారు. డెబ్భై ఏళ్ళ వయసులోనూ మణికట్లు లావుగా ఉండేవి. పగలంతా నులకమంచం మీద కూర్చుని, చీకటి పడకముందే ఊళ్ళో చెల్లెలింటికి పోతాడని, ఆయనకీ భయమేనని జనం నవ్వుకునేవారు.

"మిస్త్రీ గారూ, లోపల ఒక చిన్న చక్రం వెతుక్కోవాలి. గంటలో వచ్చేస్తా."

"ఎవరి చక్రం?"

"యేసుపాదం గారిది."

ముసలాయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మంచం కింద ఇనప కడ్డీ తీశాడు. "అడుగు పెట్టావా... కాళ్ళు విరిచి చేతికిస్తా," అన్నాడు, చాలా నెమ్మదిగా.

ఆ రాత్రే మాబు టార్చి పట్టుకుని వెనక గోడ దూకాడు. రెబ్కమ్మ అప్పటికే మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోవడం లేదు. తెల్లారేదాకా ఆగే వ్యవధి లేదు.

లోపల పాత దూది, ఎలుకల కంపు. రేకుల కప్పు మీద చిన్న చిన్న చప్పుళ్ళు. అప్పుడు వినిపించింది...

టప్... టప్...

మాబు గిరుక్కున వెనక్కి తిరిగాడు. టార్చి అటు తిప్పాడు. తెగి వేలాడుతున్న బెల్టు ఒకటి, కిటికీలోంచి వస్తున్న గాలికి ఊగి స్తంభానికి కొట్టుకుంటోంది. అంతే. "ఓస్, నువ్వా," అని తనలో తాను నవ్వుకున్నాడు.

జిన్ను మిషన్లు వరసగా ఉన్నాయి. ఒకటి... రెండు... మూడోదాని దగ్గర టార్చి ఆగింది.

లివరుకి తువ్వాలు కట్టి ఉంది.

ఎర్రగళ్ళ తువ్వాలు. పోగులు పోగులుగా చివికిపోయింది. కానీ చుట్టూ వేలెడు మందం దుమ్ము పేరుకుంటే, దాని మీద మాత్రం దుమ్ము లేదు. ఎవరో ఆ పూటే కట్టినట్టుంది. మాబు కొసని తడిమాడు. ముడిలో ఏదో గట్టిగా... గుండ్రంగా... పళ్ళు.

టార్చి నోట కరిచి, రెండు చేతులా ముడి విప్పబోయాడు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎండు కందికట్టె విరిగిన చప్పుడు వినిపించింది గాని, విరిగింది తన ఎముకేనని తెలియడానికి ఓ క్షణం పట్టింది. రెండోది పక్కటెముకల మీద. మూడో దెబ్బకి నోట్లో టార్చి ఎగిరిపడింది, దాంతోపాటే ఓ పన్ను. నెత్తురు గొంతులోకి దిగింది.

"విప్పొద్దు..." చెవి పక్కనే ఎవరో గుసగుసలాడారు. "విప్పొద్దురా... లోపల మనిషున్నాడు..."

దొర్లిన టార్చి వెలుగులో రెండు పాదాలు కనిపించాయి. పగుళ్ళు తేలిన మనిషి పాదాలు. ఆ గొంతు పొద్దున గేటు దగ్గర విన్నదే.

చెంచురామయ్య.

చెల్లెలింటికీ పోలేదు, ఎక్కడికీ పోలేదు. రాత్రిళ్ళు ఆయన ఉంటున్నది ఇక్కడే. రోజూ ఆ తువ్వాలు కట్టి, చెయ్యి వేసినవాడి ఎముకలు విరుస్తున్న దెయ్యం ఆయనే.

"ఆవేళ విప్పాను... నేనే విప్పి చొక్కాలో దాచాను... బెల్టు నేనే ఎక్కించాను..." ముసలాయన కళ్ళు మాబు మీద లేవు, మిషను మీద ఉన్నాయి. "ఇక విప్పను. ఎవణ్ణీ విప్పనివ్వను."

కడ్డీ మళ్ళీ లేచింది. ఈసారి తల మీదికి. మాబు వెనక్కి పాకి మిషను కిందికి జరిగాడు. కడ్డీ ఇనుము మీద పడి నిప్పురవ్వలు లేచాయి. తప్పించుకునే దారి లేదు. ప్రాణం మీదికొచ్చిన మనిషికి ఆ క్షణంలో దేవకుమారి చెప్పిన కట్టడి ఒక్కటే గుర్తొచ్చింది.

"మిస్త్రీ..." నోట్లో నెత్తురుతోనే అన్నాడు. "నేను యేసుపాదాన్ని. బయటికొచ్చాను."

కడ్డీ ఆగిపోయింది.

తర్వాత అది నేల మీద పడింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. "వచ్చావా... ఇన్నేళ్ళు లోపలే ఉన్నావేంట్రా..."

మాబు పాక్కుంటూ బయటికి వచ్చాడు. చెంచురామయ్య లేచి పక్కకి తప్పుకున్నాడు. "విప్పుకో. కట్టినవాడే విప్పాలి కదా." మాబు ఎడం చేత్తో, మిగిలిన పళ్ళతో ముడి లాగాడు. తువ్వాలు ఊడి వచ్చింది.

"ఇక నా వంతు కదూ," అన్నాడు ముసలాయన, అన్నానికి పిలిచినంత మామూలుగా.

ఆ మాటకి అర్థమేమిటో ఆలోచించే ఓపిక మాబుకి లేదు. తువ్వాలు చంకలో పెట్టుకుని తూలుకుంటూ పరిగెత్తాడు. డొంకలోకి వచ్చేసరికి వెనక మళ్ళీ మొదలైంది. టప్... టప్... టప్టప్... ఈసారి వడిగా. బెల్టే, గాలికి కొట్టుకుంటోంది అనుకున్నాడు. ఒళ్ళంతా చెమటతో తడిసి ఉంది, చల్లగా తగలడానికి మాత్రం గాలి లేదు.

తెల్లవారుజామున దేవకుమారి తలుపు తీసి అతన్ని చూసి కెవ్వుమంది. డాక్టరు దగ్గరికి పదమంటే వినలేదు. "ముందు ముడి విప్పు టీచరమ్మా," అన్నాడు.

చక్రం దొరికింది. దీపం దగ్గర పెట్టి చూశారు. వంగిన పన్ను ఏదో తెలియలేదు. అన్నీ తిన్నగా ఉన్నాయి. యేసుపాదం పని పూర్తిచేసుకునే ముడేసుకున్నాడు.

ఆమె ఇంజను పట్టుకుంటే అతను ఒంటి చేత్తో బిగించాడు. రైలు రెబ్కమ్మ మంచం పక్కన మట్టినేల మీద టకటకలాడుతూ తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు. ఆ తువ్వాలు విప్పింది తనేనని మిస్త్రీ ఒప్పుకున్న సంగతి మాబు చెబుతుంటే రెబ్కమ్మ రైలు చూడనేలేదు. తువ్వాలు మొహం మీద కప్పుకుని గట్టిగా ఏడ్చింది. "కట్టాడే... నా మనిషి కట్టే దూరాడే..." మాబుకి కూడా ఏడుపు ఆగలేదు. మిస్త్రీ నోటివెంట విన్నదంతా స్టేషన్లో సాక్ష్యం చెబుతానని ఒట్టేశాడు.

పొద్దెక్కాక కట్టు కట్టించుకుని స్టేషనుకి వెళ్తే, ఎస్సై మిల్లు దగ్గరున్నాడన్నారు.

చెంచురామయ్య మూడో మిషనులో ఉన్నాడు. కుడి చెయ్యి భుజం దాకా రోలరు మింగేసింది. తల సగమే కనబడుతోంది. కింద నెత్తురు గడ్డకట్టి, దానికి పాత దూది అంటుకుని ఉంది. "చీకట్లో జారి ఇరుక్కున్నాడు, ముసలోడు," అని ఎస్సై కాగితం మీద రాసుకుంటున్నాడు. మాబు వంగి రోలరు చూశాడు. ఇరవై ఏళ్ళ తుప్పు చుట్టూతా రాలి, ఇనుము తళతళ మెరుస్తోంది. అరిగిన ఇనుము అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అది ఒక్క చుట్టు తిరిగింది కాదు. కొన్ని వందల చుట్లు తిరిగింది.

తిరిగొచ్చి రెబ్కమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుని వింది. ఏడుపు ఆగిపోయింది.

"'ఇక నా వంతు' అన్నాడా?"

"అన్నాడమ్మా. అదేంటో నాకు తెలియలేదు."

"ఇద్దరిద్దరు జతగా చేసేవాళ్ళు మాబూ. మొదటివాడు బయటికొచ్చి పేరు చెప్పి విప్పుకున్నాక, రెండోవాడు లోపలికి దూరతాడు. వాడు వచ్చేదాకా మొదటివాడు లివరు పట్టుకుని కాపలా ఉండాలి. వదలకూడదు." ఆయాసంతో ఆగింది. "నువ్వు ఉన్నావా?"

"లేదమ్మా. పారిపోయి వచ్చేశాను."

రెబ్కమ్మ తువ్వాలుని గుండెల మీదికి లాక్కుంది.

"మా ఆయన పేరు చెప్పి నువ్వు వచ్చేశావు. మరి మిస్త్రీ లోపలికి దూరాక... లివరు దగ్గర నిలబడింది ఎవరు మాబూ?" అని అడిగింది. ఆమె భయపడుతూ అడగలేదు.