ఎర్ర లక్క

శుక్రవారం... ఉదయం పదిన్నర... రాహుకాలం మొదలైంది!

తమిళుల వైకాసి నెల మొదటి రోజది. గుడియాత్తం వీధుల్లో గంగమ్మ సిరసు, మొండెం లేని అమ్మవారి తల, ఊరేగుతోంది. ఉన్నట్టుండి నట్టెండలో కారుమేఘాలు కమ్ముకున్నాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఒక ఉరుము! ఆ వెంటనే నేతవీధి చివరింటి దూలం మీద కూర్చుని, పట్టపగలే, గుడ్లగూబ మూడుసార్లు కూసింది. పగటిపూట గూబ కూస్తే పెద్దవాళ్లు ఊరికే భయపడతారా మరి!

ఆ దూలం కింద, గుంతమగ్గం పక్కన, చాప మీద హేమప్రియ కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లు. ఆ ఇంటి కోడలు. నెల రోజులుగా ఆమెకు ఆకలి లేదు, దాహం లేదు, నొప్పి లేదు. అరచేతిలో కర్పూరం వెలిగించినా చెయ్యి కదపలేదు. మెడలో నాలుగు తరాల నాటి ఏడు కెంపుల అడ్డిగ. దాన్ని విప్పబోతే మాత్రం ఆ లేత గొంతులోంచి ఒక మగవాడి గర్జన! "శుక్రవారం మిట్టమధ్యాహ్నం... పన్నెండు కొట్టగానే... దీని ప్రాణం నాది!" అని చెప్పింది ఆ గొంతే.

ఈరోజే ఆ శుక్రవారం.

హేమప్రియ అత్తగారి కబురు మీద వేలూరు తొరపాడి నుంచి బస్సులో వచ్చిన కోకిల, చాప మీద తన సంచీ విప్పింది. భూతద్దం, మెత్తటి కుంచె, సూది, సన్న పటకారులాంటి చిమటా, ప్రమిద, కుంకుడు రసం సీసా. పాత నగల వయసు చెప్పడం, విలువ కట్టడం, వాటికి నొప్పి తెలియకుండా మురికి తీయడం ఆమె పని. మూడేళ్ల కింద పదకొండేళ్ల కూతురు మోనిష జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి కోకిలకు ఏమీ అనిపించదు. ఏడుపు రాలేదు. తింటుంది, పని చేస్తుంది, పడుకుంటుంది. అంతే.

"యాడా తాకనీదు కోకిలమ్మా!" అంది అత్త కాంతమ్మ. "పూజారిని పిలిస్తిమి, డాక్టరును పిలిస్తిమి. ఒగ నెల ముందు దాకా ఈ అడ్డిగ బాగనే ఉండె..."

"నెల ముందు ఏమైంది అక్కా?"

కాంతమ్మ తల వంచుకుంది. "తిరునాళ్లకు మెరుస్తాదని... వీధిలో నగలకు మెరుగు పెట్టేవాడు వచ్చినాడు. భూపతి అని పేరు చెప్పినాడు. మా ఇంటాయనకు చెప్పకుండా ఇచ్చేస్తి. లోపలికి పోయి నీళ్లు తెచ్చేలోగా పని ముగించేసినాడు. నా కోడల్ని నేనే చంపుకుంటినే, ఐయో!"

మెరుగు పెట్టేవాడట మెరుగు! వాడు మోర్ధానా ఆనకట్ట పైన, గుండ్ల మధ్య గుహలో కపాలాన్ని పూజించే ఘోర క్షుద్రోపాసకుడు. ఒక్కో ప్రాణాన్ని ఆహుతి ఇస్తే వాడికి పన్నెండేళ్ల ఆయుష్షు! ఈ సరికి ఆ గుహలో నల్లకోడి నెత్తురు చల్లి, హోమగుండం రగిల్చి, కపాలం ముందు పద్మాసనం వేసి ఉన్నాడు. ఆ కపాలం నుదుట ఒక ఎర్రటి కెంపు నిప్పుకణికలా రగులుతోంది...

కోకిల అడ్డిగను విప్పకుండా, మెడ మీదే ఉంచి, భూతద్దం కంటికి పెట్టుకుంది. ఆరు కెంపులు పాతకాలం చేతిసాన పట్టినవి, ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఏడోదానిలో చిన్న గాలిబుడగ కనిపించింది.

"ఇది గాజు," అంది మామూలుగా. "అసలు రాయి వాడు ఎత్తుకుపోయినాడు."

పతకం వెనక్కి తిప్పింది. రాళ్ల అంచుల్లో తెల్లటి గంజి పొర. మగ్గం మీద పనిచేసిన నాలుగు తరాల ఆడవాళ్ల చేతుల గంజి అది. కుంచెను కుంకుడు రసంలో ముంచి, పిండి, రాళ్ల కిందికి తడి దిగకుండా మెల్లగా తుడిచింది. ఒక్కచోట గంజి కొత్తగా పూసినట్టుంది, దాని కింద చిల్లు బయటపడింది. పాత అడ్డిగ లోపలి గుల్ల నిండా నల్లబడిన లక్క ఉంటుంది. ఈ చిల్లులో ఉన్నది ఎర్ర లక్క. కొత్తది!

గడియారం పదకొండున్నర కొట్టింది.

కోకిల సూదిని ప్రమిద మంటలో కాచింది. ఎర్ర లక్కకు తాకించింది...

"ఆఁ... పో! పోవే! నీ పేగులు తీసి కపాలానికి చుడతా!"

హేమప్రియ నోట వాడి గొంతు! కళ్లు తెల్లగా తిరిగిపోయాయి, జుట్టు విరబోసుకుంది, మగ్గం పలకలు కటకటలాడాయి. కాంతమ్మ కెవ్వుమని గోడకు జారగిలబడింది. కోకిల సూది మళ్లీ కాచుకుంది. భయపడడానికి ఆమె లోపల ఏమైనా మిగిలి ఉంటే కదా!

గొంతు మారింది. చిన్నపిల్ల గొంతు...

"అమ్మా... చలిగా ఉండాదమ్మా... ఆపేయమ్మా... ఆపితే నీకాడికి వచ్చేస్తా..."

మోనిష!

సూది ఆగింది. మూడేళ్లుగా వినని గొంతు. కోకిల కాసేపు ఆ ముఖాన్నే చూసింది, గాజు రాయిని చూసినట్టే.

"నా బిడ్డ నన్ను ఒగనాడూ అమ్మా అని పిలవలేదు," అంది. "ఏయ్ కోకిలా, అనే పిలుస్తాది. నువ్వు దొంగ రాయివి."

సూది లోపలికి దిగింది. లక్క కరిగి ఆమె బొటనవేలి మీద పడింది, చర్మం పొంగింది. ఆమెకు తెలియను కూడా లేదు. చిమటాతో ఒక వెంట్రుక లాగింది. హేమప్రియది! వెంట ఇంత బూడిద, చితాభస్మం. ఆ తర్వాత కనిపించింది... లక్క అడుగున అంటుకుని, గీతలు గీతలుగా, ఎండిన చర్మపు ముక్క!

"అక్కా, ఇట్ల చూడు. కంసాలి ఎవుడైనా వేలు తడుపుకోకుండా వేడి లక్క ముట్టడు. తోలు ఊడొస్తాది. వీడికి పని రాదు, దొంగతనంగా అదిమినాడు. వీడి వేలి తోలు దీంట్లోనే ఉండిపోయింది."

"అయితే?"

"లోపల ఎవరి వొళ్లు ఉంటే వాళ్లనే గదా ఆ మంత్రం లాగేది? వెంట్రుక తీసేస్తి. తోలు మాత్రం ఉండనీ. నువ్వు పో, అమ్మోరి కుంకుమ తే. బిరాన!"

డప్పులు వీధి మొదట్లోకి వచ్చాయి. గంగమ్మ సిరసు! పసుపు ముఖం, విప్పారిన కళ్లు, నిమ్మకాయల దండలు. కాంతమ్మ జనాన్ని తోసుకుంటూ దూరి, దోసిలి నిండా కుంకుమతో పరుగెత్తుకొచ్చింది. కోకిల ఆ కుంకుమను గుల్లలో కూరింది. వేలు తడుపుకుంది. లక్క అదిమి మూసేసింది.

పన్నెండు!

మోర్ధానా గుహలో భూపతి వికటాట్టహాసం చేశాడు. "హ్రీం... ఫట్! ఈ రాతికి జత అయిన నగలో ఎవరి దేహముందో వారి ప్రాణం... రా! రా!!" అంటూ మరిగే లక్కను కపాలం నుదుట పోశాడు.

మంత్రం వెళ్లింది... వెతికింది... వాడి బొటనవేలినే పట్టుకుని తిరిగొచ్చింది!

ముందు ఆ వేలు మొద్దుబారింది. తర్వాత చెయ్యి. భుజం. వాడు అరవబోయాడు, నాలుక కదల్లేదు. హోమధూమం గిర్రున సుడి తిరిగింది... అందులోంచి పసుపు ముఖం, విప్పారిన కళ్లు... మొండెం లేని తల్లి! ఆమె కన్నెర్ర చేసింది. అంతే! కపాలం ఫెటిల్లున పగిలింది. మిన్ను విరిగినట్టు పిడుగు గుహ మీద పడింది. గుండ్లు దొర్లి గుహనోరు మూసుకుపోయింది. భూపతి బూడిద కూడా బయటికి రాలేదు.

గుడియాత్తంలో వాన మొదలైంది. దూలం మీద గూబ లేదు.

"అత్తా..." హేమప్రియ మెడ తడుముకుంది. "దారం కోస్తాండాది. చెయ్యంతా మంట... నొప్పి అత్తా, నొప్పి!"

కాంతమ్మ కోడల్ని గుండెకు హత్తుకుని బావురుమంది. "నొప్పి అంటివా నా తల్లీ! ఇంగోసారి అను!"

కోకిల కుంచె తుడిచి, సూది చల్లార్చి, ఒక్కొక్కటే సంచీలో పెట్టుకుంటోంది. సీసా మూత బిగించబోతుంటే బొటనవేలు చురుక్కుమంది. చూసుకుంది. బొబ్బ. ఎప్పుడు కాలిందో తెలియదు. ఇప్పుడు మాత్రం ప్రాణం పోయేలా మండుతోంది.

"ఏమైంది కోకిలమ్మా?" అంది కాంతమ్మ.

"కాలింది అక్కా," అంది కోకిల. "నా బిడ్డ పోయింది అక్కా..."

మూడేళ్ల ఏడుపంతా ఆ మగ్గం పక్కనే కూర్చుని ఏడ్చింది.