వినపడని నాలుగు

"కోటేశ్వరరావు అని ఒక క్వారీ బ్లాస్టర్. శుక్రవారం పదకొండింటికి మందుగుండు గది తాళాలు ఇస్తాడు. ఇచ్చాక చంపేస్తారు."

హజ్రా బీ బ్రీఫింగ్ ఎప్పుడూ అంతే. గుంటూరులో ఓ కళ్ళజోళ్ళ షాపు మేడ మీద ఆఫీసు, టీ కూడా ఇవ్వదు మహాతల్లి.

ఇలా తాళాలిచ్చిన వాళ్ళు ఇంతకుముందు ఇద్దరున్నారు కదా, వాళ్ళేమయ్యారని అడిగాడు ఏజెంట్ అమర్నాథ్.

"ఇచ్చారు. చచ్చారు."

విదేశీ ముఠా. నిద్రపట్టని వాళ్ళకి ఆన్‌లైన్‌లో కాగ్నిటివ్ బిహేవియరల్ హిప్నోథెరపీ అని యాప్ పెట్టి, పేషెంట్లలో పేలుడు సామాను తాళాలున్న వాళ్ళని ఏరుకుంటారు. థెరపిస్ట్ పేరు శ్రీలేఖ. దుబాయ్‌లో ఉంటుంది. స్క్రీన్ మీద పట్టుచీర, ముత్యాల కమ్మలు, వింటే ఒళ్ళు మరిచిపోయే గొంతు. ముఠా జీతం తీసుకుంటూనే ఆర్నెల్లుగా హజ్రా బీకి కబుర్లు పంపుతోంది. శుక్రవారం పదకొండింటికని చెప్పిందీ ఆవిడే. ముఠా ప్రతి కాల్ వింటుంది గనక వాళ్ళు రాసిచ్చిన స్క్రిప్టు చదవడం మాత్రం ఆపలేదు. తాళాలకి వచ్చేదెవరో ఆవిడకీ తెలీదు.

"పోలీసుల్ని రెంటచింతల దాటి ముందుకి పంపితే తాళాలకొచ్చేవాడు పసిగడతాడు. అక్కణ్ణుంచి క్వారీకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు వాణ్ణి అక్కడే ఆపు. ఎలా అన్నది నీ ఖర్మ."

ముందు అమర్నాథ్ తనే పేషెంటుగా చేరాడు. లోలకం ఊపి కళ్ళలోకి చూస్తారనుకున్నాడు పిచ్చోడు. మొదటి రోజంతా ప్రశ్నలే. ఎన్నింటికి పడుకుంటారు, పడుకోగానే ఏ ఆలోచన వస్తుంది, అది నిజమేనా, రుజువేంటి? ఆలోచనలన్నీ రోజూ డైరీలో రాయమంది శ్రీలేఖ. రెండో సెషన్లో తలుపేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకోమంది. ఇది నిద్ర కాదు, అన్నీ వినపడుతూనే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు కళ్ళు తెరవచ్చు, మీకిష్టం లేని పని మీచేత ఎవరూ చేయించలేరు అని చెప్పి, పది నుంచి ఒకటికి లెక్కపెట్టింది. రోజూ వినమని రికార్డింగ్ పంపింది. నిజం చెప్పాలంటే అమర్నాథ్ హాయిగా నిద్రపోయాడు.

తర్వాత మసి చొక్కా తొడుక్కుని, లారీ మెకానిక్‌నంటూ క్వారీలో చేరాడు. పానా పిడిలో జామర్. నొక్కితే ఒక్క క్షణం ఫోన్ సిగ్నల్ పోతుంది.

కోటేశ్వరరావుకి యాభై దాటాయి. తాళాలు మొలతాడుకే కట్టుకుంటాడు, స్నానానికి కూడా విప్పడు. నాలుగు రోజులు కలిసి అన్నం తిన్నాక అమర్నాథ్‌కి కడుపులో ఉన్నదంతా చెప్పేశాడు. బ్లాస్టరన్నవాడు పేలిన ప్రతి చప్పుడూ వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే మిస్‌ఫైర్, పేలని మందు ఇంకా బండలోనే ఉందన్నమాట. విజిల్ కొడితే క్వారీలో అరగంట సేపు ఈగ కూడా కదలకూడదు. రెండేళ్ళ కిందట పది హోల్స్‌కి మందు పెట్టాడు.

"తొమ్మిదే పేలినయ్ తమ్ముడూ. పది అనుకున్నా. ఫర్లేదు పో అన్నా మావోడితో."

మావోడంటే సొంత తమ్ముడు గోపాలకృష్ణ. దుప్పట్లో మూటగట్టి ఇంటికి తెచ్చారు. ఆ రోజు నుంచి కోటేశ్వరరావుకి కంటి మీద కునుకు లేదు. ఇప్పుడు ఆ యమ్మ మాట వింటే తెల్లారిందాకా లేవనని, ఆమె దేవతని చెప్పి, అమర్నాథ్ కంచంలో తన గుడ్డు వేశాడు.

అమర్నాథ్ ఆ గుడ్డు తింటూనే ఉపాయం ఆలోచించాడు. ఛీ, ఏం మనిషి!

శుక్రవారం. నలభై ఆరు డిగ్రీలు. మందుగుండు గది పక్క రేకుల షెడ్డులో నవారు మంచం మీద కోటేశ్వరరావు కళ్ళు మూసుకుని ఉన్నాడు, చెవుల్లో శ్రీలేఖ. ఒకటి అనగానే లేచి, కోడ్ చెప్పినవాడికి తాళాలివ్వాలి. గుమ్మం ముందు తెల్ల జీపు ఆగింది. దిగినవాడు నడుం మీద చెయ్యి తియ్యలేదు. లారీ కింద పడుకున్న అమర్నాథ్ హజ్రా బీ ట్యాప్ చేయించిన అదే కాల్ తన చెవిలోనూ వింటున్నాడు.

పది. తొమ్మిది. ఎనిమిది. మంచం మీద కోటేశ్వరరావు వేళ్ళు ఒక్కోటే ముడుచుకుంటున్నాయి. ఏడు. ఆరు. ఐదు.

అమర్నాథ్ పానా నొక్కాడు. నాలుగు వినపడలేదు.

మూడు. రెండు. ఒకటి.

ఒక వేలు మిగిలిపోయింది.

కోటేశ్వరరావు కళ్ళు తెరిచి దాన్ని చూసుకున్నాడు. ఆ తర్వాత గొంతు చీలేలా కేక పెట్టి, మెళ్ళో విజిల్ అందుకుని ఊదాడు. కూలీలంతా ఎక్కడివాళ్ళక్కడ బండల చాటుకి కూలబడ్డారు. క్వారీ దారికి అడ్డంగా గొలుసు పడింది. జీపువాడు కంగారుగా లోపలికొచ్చి, తాళాల గుత్తి పట్టుకుని, కోడ్ చెప్పాడు.

"గాలి చల్లగా ఉందన్నా."

"ఒకటి పేల్లేదయ్యా, కూకో. ఈసారి పోనియ్యను." కోటేశ్వరరావు వాణ్ణి కింద పడేసి, రాళ్ళు తగలకుండా తన ఒళ్ళు అడ్డం పెట్టి కప్పేశాడు. తనని చంపడానికి వచ్చినవాణ్ణి ఇరవై నిమిషాలు, ఏడుస్తూ, అలాగే కాచాడు. పిస్తోలు చేతికి అందేసరికి ఆ చేతి మీద పోలీసు బూటు పడింది.

ముఠా దొరికింది. శ్రీలేఖకి కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు ఇచ్చి పంపేశారు. కోటేశ్వరరావుని నరసరావుపేట సబ్‌జైల్లో పెట్టారు. హిప్నాటిజం మత్తులో ఇవ్వబోయాడని రాస్తే బయటపడతాడు, కానీ ఆ అమాయకుడు ఒప్పుకోలేదు. తెలివిగానే ఉన్నానని, తాళాలివ్వకపోతే ఆ యమ్మ సెషన్లు ఆపేస్తానందని, నిద్ర కోసమే ఇద్దామనుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆ నాలుగు ఎటు పోయింది తమ్ముడూ?" చూడటానికి వెళ్ళిన అమర్నాథ్‌ని ఒక్కటే అడిగాడు. కళ్ళు మళ్ళీ గుంటలు పడ్డాయి.

సిగ్నల్ పోయింది అన్నాడు అమర్నాథ్.

నెలన్నర తర్వాత అమర్నాథ్, శ్రీలేఖ తనకిచ్చిన రికార్డింగ్‌ని పరీక్షకి పంపాడు. రోజూ పడుకోబోతూ వింటున్నానని, అందులో తొమ్మిది అంకెలే వినపడుతున్నాయని, ఏదో తేడా ఉందని కాగితం రాశాడు. పది అంకెలూ స్పష్టంగా ఉన్నాయని ల్యాబ్‌వాళ్ళు సంతకం పెట్టి, స్టాంపు కొట్టి, తిరిగి పంపారు.