బి సీసా

"తొక్కు ఎల్లయ్యా... తొక్కు!"

జీపు మునగాల దాబాల ముందు నుంచి దూసుకుపోతోంది.

అప్పుడే చీకటి పడింది. ముందు తెల్ల వ్యాన్. దాని వెనక డోరు సరిగ్గా పడలేదు. కుదుపు వచ్చినప్పుడల్లా తెరుచుకుంటోంది. లోపల అట్టపెట్టెలు. వాటి నిండా సీసాలు.

పసిపిల్లల నోట్లో పోసే చుక్కల మందు సీసాలు!

"మేడం, ఇంకా తొక్కితే బండి ఆగిపోతది. ఇది సర్కారు జీపు," అంటాడు డ్రైవర్ ఎల్లయ్య.

"ఆగితే దిగి ఉరుకుదాం. నువ్వైతే తొక్కే!"

నీరజ డ్రగ్ ఇన్‌స్పెక్టర్. వెనకాలే వస్తున్నానని ఎస్సై ఎప్పుడో చెప్పాడు. ఇంకా వస్తూనే ఉన్నాడు.

ఫోన్ మోగుతుంది. సూర్యాపేట సర్కారు దవాఖాన నుంచి పిల్లల డాక్టర్ జనార్దన్.

"ఏమన్న తెలిసిందా నీరజా?"

"లేదు సార్. బాబు ఎట్లున్నడు?"

"పొద్దటి సంది చుక్క ఉచ్చ లేదు. కిడ్నీలు ఆగిపోతున్నయ్."

ఫోన్‌లో వెనక నుంచి ఏడుపు. మంగ్లీ. నీరజ చిన్నమ్మ కూతురు. ఆత్మకూర్ దగ్గర తండా. తొలి కాన్పు. ఆ బిడ్డకు ఇంకా పేరు కూడా పెట్టలేదు.

"విరుగుడు ఎక్కియ్యండి సార్!"

"దేనికి విరుగుడు? నాకు ఒక విషం మీద అనుమానం ఉంది. దానికి ఒక్క డోసు హైదరాబాద్ నుంచి తెప్పించి పెట్టిన. అదే విషమైతే బతుకుతడు. కాకపోతే ఈ మందే వాణ్ణి చంపుతది. పెద్దోళ్ళకిచ్చినట్టు, ఇచ్చి సూద్దాం అంటే కుదరదమ్మా. పురిటిగుడ్డు! సీసాల ఏం కలిపిన్రో నాకు పేరు కావాలె. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా వాడు ఆగడు!"

ఫోన్ కట్.

నీరజ ముందున్న వ్యాన్ మీంచి చూపు తిప్పదు. బిడ్డ తాగిన మందు సీసాలే అందులో. మాయం చెయ్యడానికి తరలిస్తున్నారు.

పసిపిల్లల కోసం భద్రమైన జ్వరం మందు తయారు చేస్తున్నామని డాక్టర్ శశిధర్ తండా తండా తిరిగాడు. పరిశోధన మంచిదే. కావాలి కూడా! ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళ గోళీని గోటితో విరిచి, పొడి చేసి, పసివాళ్ళ నోట్లో వేశాం. ఎంత వెయ్యాలో ఎవడికీ సరిగ్గా తెలియదు. ఎవరో ఒకరు తేల్చాలి.

సగం మంది పిల్లలకు ఏ సీసా. అందులో కొత్త మందు.

సగం మందికి బి సీసా. అందులో ఉత్త పంచదార పానకం.

రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే మందు సంగతి బయటపడుతుంది. అంతవరకు బాగానే ఉంది.

కానీ మంగ్లీ కొడుకు తాగింది బి!

ఉత్త పానకం తాగిన బిడ్డకు ఉచ్చ ఎందుకు బందైంది?

"మేడం! వడ్లు!" ఎల్లయ్య కేక.

రోడ్డుకు ఎడమ పక్క వడ్లు ఆరబోశారు. ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెట్టారు. వ్యాన్ వాడు చూసుకోలేదు. ముందు చక్రం రాయెక్కింది. వెనక చక్రాలు వడ్ల మీద సర్రున జారాయి. వ్యాన్ గిర్రున తిరిగి... కాలవలోకి!

ధన్!

సీసాలు పగిలిన చప్పుడు. తియ్యటి వాసన. పిల్లలకు నచ్చాలని కలిపిన ఆరెంజ్ వాసన.



వ్యాన్ డ్రైవర్ డోరు తన్నుకుని బయటపడ్డాడు. పొలం గట్టు మీద పరుగు. నీరజ చెప్పులు వదిలేసి వెంటపడుతుంది. బురద. జారింది. లేచింది. వాడి చొక్కా దొరికింది!

ఒక్కటి. చెంప పగిలేలా.

"కొట్టకు మేడం! నేను కూలోణ్ణి! నా పేరు ముఖేష్! మిర్యాలగూడల ఉంట!"

"బి సీసాల ఏం కలిపిన్రు?"

"నాకు తెల్వది..."

రెండోది పడింది.

"సెప్త, సెప్త! మూతపడ్డ రైసు మిల్లు ఉంది... దాని ఎనక షెడ్డుల కలిపినం. నీలం డ్రమ్ములకెళ్ళి తీసి. రెండింట్ల అదే పోసినం మేడం. ఏ లోనూ, బి లోనూ."

"ఎందుకురా?"

ముఖేష్ తల వంచుకుంటాడు.

"ముందు ఏ ల్నే పోసినం. చవకగ దొరికిందని సారే తెచ్చిండు. పిల్లలకు ఉచ్చ బందు కావట్టింది. గట్ల ఒక్క ఏ తాగినోళ్ళే పోతే మందు మీదికొస్తదంట. బి తాగినోళ్ళు గూడ అంతే మంది పోతే... మందు తప్పేం లేదు, అది వేరే రోగమని రాసుకోవచ్చంట. అందుకని బి లో గూడ పొయ్యమన్నడు."

నీరజ వాడి చొక్కా వదిలేస్తుంది.

లెక్క సరిపోవాలని! కాగితం మీద రెండు గుంపులు సమానంగా కనబడాలని... ఉత్త పానకం తాగాల్సిన పిల్లలకు విషం పోశాడు!

ఛీ!

వీడు చదివిన చదువు మీద ఉమ్మెయ్యాలి. పాములు కూడా ఆకలికే చంపుతాయి.

"డ్రమ్ము ఏది?"

"మాపటికే పారబోసిన్రు. లేబుల్ ఎప్పుడో గీకేసిన్రు. పేరు సారుకొక్కనికే ఎరుక."

"ఏడున్నడు నీ సారు?"

"కోదాడల. ఫంక్షన్ హాల్ల. సన్మానం అయితుంది."

కాలవలో పగలకుండా మిగిలిన బి సీసా ఒకటి దొరుకుతుంది. నీరజ దాన్ని పిడికిట్లో బిగిస్తుంది. ముఖేష్‌ని దాబా వాళ్ళకు అప్పజెప్పి జీపెక్కుతుంది.

"కోదాడ, ఎల్లయ్యా! ఎగిరి పోవాలె!"

* * *

ఫంక్షన్ హాలు. సీరియల్ లైట్లు. ఇంత పెద్ద బ్యానర్.

'పసిపిల్లలకు భద్రమైన మందులు - సదస్సు.'

దాని కింద శాలువా కప్పుకుని శశిధర్. అప్పుడే స్టేజి దిగి భోజనాల దగ్గరికి వచ్చాడు. తెల్ల బట్టలు. ప్లేట్లో మటన్ ముక్కలు. చుట్టూ నవ్వే ముఖాలు.

బురద కాళ్ళతో నీరజ నేరుగా అతని ముందుకు వెళ్ళి సీసా టేబుల్ మీద పెడుతుంది. టక్!

"దీంట్ల ఏం కలిపినవ్?"

శశిధర్ సీసా చూశాడు. ఆమె కాళ్ళు చూశాడు. నవ్వాడు.

"ఏందమ్మా ఇది? భోజనాల టైమ్‌లో! చేతులు కడుక్కుని రా. తిందువు గానీ."

"సూర్యాపేటల పిల్లగాడు సస్తున్నడు. నువ్వు పేరు సెప్తే బతుకుతడు. ఒక్క పేరు! తర్వాత నీ ఇష్టం, ఏ కోర్టుకన్న పో."

"అది బి సీసా. ఉత్త పానకం. తండాల్లో శుభ్రత ఉండదు. ఏ నీళ్ళు తాగించారో, ఏ నాటువైద్యం చేశారో! పిల్లలు పోతారు. దానికి నన్నంటే ఎలా?"

ఫోన్ స్పీకర్‌లో జనార్దన్. దారిలో నీరజ చేసినప్పటి నుంచి లైన్ మీదే ఉన్నాడు. అంతా వింటున్నాడు.

"శశిధర్, నువ్వూ పిల్లల డాక్టరువే కదయ్యా! ఒక్క మాట చెప్పు. ఉన్న ఒక్క డోసు సూదిల నింపుకుని నిలబడ్డ!"

"పానకం, జనార్దన్! చెప్పాగా!"

శశిధర్ సీసా మూత తీశాడు. చెంచా నిండా పోసుకున్నాడు. అందరూ చూస్తుండగా... గటుక్కున మింగేశాడు!

"చాలా? ఇంకో చెంచా తాగనా?"

చుట్టూ చప్పట్లు! నిజంగానే చప్పట్లు కొట్టారు దరిద్రులు!

 ఇంత ఒంటికి ఆ చెంచాడు ఏం చేస్తుంది? పసిగుడ్డు వేరు, పెద్దవాడు వేరు. ఆ సంగతి ఈ హాల్లో వీడికంటే బాగా తెలిసినవాడు లేడు. స్టేజి మీద అరగంట మాట్లాడింది దాని గురించే!

"నీరజా..." ఫోన్‌లో జనార్దన్. "బిడ్డ నీలబడుతున్నడు."

"అక్కా! అక్కా!" మంగ్లీ అరుపు.

శశిధర్ ముక్క కొరికి నముల్తున్నాడు.

"ఏమండీ..."

వెనక నుంచి ఓ పెద్దామె. పట్టుచీర. భుజం మీద పసివాడు. అనసూయ. శశిధర్ భార్య. కూతురు పురిటికి పుట్టింటికి వచ్చింది. కూతురు పడుకుంటే మనవణ్ణి ఎత్తుకుని సన్మానం చూడ్డానికి వచ్చింది అనసూయ.

"ఏమండీ, ఆ సీసా నాకివ్వండి. ఇంట్లోది అయిపోయింది."

శశిధర్ నమలడం ఆగిపోయింది.

"ఏ... ఏ సీసా?"

"అదేనండీ, ఆ బి సీసా! మీ బ్యాగులోంచి నిన్న ఒకటి తీశాను. వీడు కడుపునొప్పికి ఒకటే ఏడుపు. డాక్టరింట్లో ఏనాడు మందులు కొన్నాం? మీ శాంపిళ్ళేగా మన అందరికీ! బి అంటే ఉత్త పానకమని మీరే అన్నారు కదా. రెండు చెంచాలు పొయ్యగానే ఊరుకున్నాడు. మళ్ళీ పొద్దున పోశాను."



నీరజ అడుగుతుంది, చాలా మెల్లగా.

"అమ్మా... బాబు ఉచ్చ పోసిండా?"

"లేదమ్మా. పొద్దున్నించీ డైపర్ పొడిగానే ఉంది. ఒక్కటే నిద్ర. హాయిగా పడుకున్నాడని నేనూ..."

ఠంగ్!

శశిధర్ చేతిలో ప్లేటు కింద పడింది.

మనవడి మొహం పట్టుకున్నాడు. వాడి కనురెప్పలు ఎత్తి చూశాడు. మరుక్షణం ఫోన్ మీద పడ్డాడు!

"డై ఇథిలిన్ గ్లైకాల్! జనార్దన్, డై ఇథిలిన్ గ్లైకాల్! ఫ్యాక్టరీల్లో వాడే సరుకు! వింటున్నావా? డై... ఇథిలిన్..."

"నేననుకున్నదే! సిస్టర్, ఎక్కియ్యండి! ఎక్కియ్యండి!"

పొద్దటి నుంచి ఒక తల్లి గుండెలు బాదుకుంటుంటే కదలని నాలుక. తన రక్తం దగ్గరికి వచ్చేసరికి ఎంత స్పష్టంగా పలికిందో!

నీరజకు అతని ముఖం చూడబుద్ధి కావట్లేదు. ఒంటి మీద పురుగు పాకినట్టుంది.

కానీ ఆ భుజం మీది బిడ్డ ఏం పాపం చేసింది?

"అమ్మా, బండెక్కు! సూర్యాపేటకు! ఉరుకు!"

అనసూయ చెయ్యి పట్టుకుని నీరజ పరుగు. జీపు. ఎల్లయ్య ఇంజన్ ఆపలేదు. ఇద్దరూ ఎక్కారు. డోరు పడింది.

జీపు హాలు గేటులోకి వచ్చింది...

హెడ్‌లైట్ల ముందు శశిధర్!

చేతిలో కార్లోంచి తీసిన పిస్టల్. భూముల తగాదాల కాలం నుంచి ఆ ఇంట్లో లైసెన్స్ ఉంది.

"ఆపమను వాణ్ణి! ఆ మందు ఆపమను!"

"పక్కకు జరుగు!" నీరజ అరుస్తుంది. "నీ మనవడే ఉన్నడు లోపల! లేటయితుంది!"

"ఒక్క డోసే ఉందన్నాడు! అది మావాడికి కావాలి! ఆ తండా పిల్లాడికి వేస్ట్ చెయ్యొద్దని చెప్పు!"

వేస్ట్!

ఆ మాట విని అనసూయ మొగుడి వంక చూస్తుంది. ఆమెకు ఇప్పటికి అర్థమైంది. బి సీసాలో ఏముందో, అది ఎవరి కోసమో. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటుంది.

"శశిధర్, విను!" ఫోన్‌లో జనార్దన్. "ఇంకో డోసు హైదరాబాద్ నుంచి బయలుదేరదీస్త. రక్తం కడిగే మిషను ఈడ రెడీగ ఉంది. గంట లోపల తీసుకొస్తే నీ మనవడూ బతుకుతడు. బండికి అడ్డం తప్పుకోవయ్యా!"

"ఆపమంటున్నా!"

"సార్, ఎక్కియ్యండి," అంటుంది నీరజ ఫోన్‌లో. "ఆపకండి."

"అయిపోయిందమ్మా. లోపలికి పోయింది."

 పిస్టల్ నీరజ నుదుటికి ఎదురుగా లేచింది.

ఎల్లయ్య ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పాడు!

ఢాం!

అనసూయ కెవ్వుమంది.

నీరజ తల తడుముకుంటుంది. రక్తం లేదు. అనసూయ బిడ్డను తడుముతుంది. బిడ్డకేం కాలేదు.

బుస్... స్... స్...

జీపు ఎడమ పక్కకు మెల్లగా ఒరిగిపోతుంది. గుండు తగిలింది ముందు టైరుకు. రిమ్ము దాకా.

ఎల్లయ్య గేరు మారుస్తాడు. తొక్కుతాడు. రిమ్ము నేలను గీకుతుంది. బండి మరింత అడ్డం తిరిగి గేటు స్తంభంలో ఇరుక్కుంటుంది. ముందుకు పోదు. వెనక్కు రాదు.

శశిధర్ చేతిలోంచి పిస్టల్ జారింది.

"ఇంకో బండి... ఇంకో బండి తియ్యండ్రా!"

కార్లన్నీ లోపలే ఉన్నాయి. ఆ హాలుకు ఉన్నది ఒక్కటే గేటు.