నురగ మీద పోసిన నూనె

సింధుకోట రాజ్యంలో మూడు నెలలుగా ఒక్క పసివాడి ఏడుపూ వినబడలేదు. కడలి రక్కసి నురగకేశి శపించడంతో పిల్లలందరూ కళ్లు మూసుకుని, ఊపిరి మాత్రం తీస్తూ, నిద్రలోనే చిక్కిపోతున్నారు. రాజకుమారుడూ అంతే, జాలరి పిల్ల ముత్యాలి చెల్లెలు బంగారీ అంతే.

ముత్యాలి ఊరుకోలేదు. ఓడ నడిపే ముసలి తండేలు నూకయ్య వెంట ఏడు దీవులు దాటింది. నిప్పుల బావిలోకి దిగింది. చీకటి గుహలో పాముల మధ్య ఒక పగలంతా కదలకుండా నిలబడింది. చివరికి ఆ గుహలోని ముని ఆమెకు చిన్న కలశం ఇచ్చాడు.

"ఈ నూనె పిల్లల రెప్పకు ఒక్క చుక్క రాస్తే చాలు, నిద్ర వదులుతుంది, తల్లీ. మళ్లీ దొరికేది కాదు," అన్నాడు.

తిరుగుదారిలో తుఫాను పట్టుకుంది. నూకయ్య ఒక దీవి చాటున లంగరు వేశాడు. మధ్యాహ్నం వేళ ఎదురుగా మరో ఓడ కనబడింది. దాని తెరచాప కొయ్య విరిగిపోయింది. లంగరు నిలవక, అల అలకీ రాళ్ల వైపు జారిపోతోంది. చూస్తూండగానే ముగ్గురు మనుషులు కెరటంలో కొట్టుకుపోయారు.

"మనమేమీ చెయ్యలేమా, తాతా?"

"గాలి మన వైపునుంచి అటే వీస్తోంది. నూనె వదిలితే అలల పొగరు అణుగుతుంది, వాళ్ల లంగరుకు పట్టు దొరుకుతుంది. మన దీపాల నూనె గుహలోనే అయిపోయిందే, అమ్మీ."

ముత్యాలి దగ్గరున్న నూనె మాత్రం నూకయ్య అడగలేదు. కలశం మీద చూపు పడకుండా మొహం తిప్పుకున్నాడు.

రాళ్ల మీద విరిగే నురగలోంచి రక్కసి లేచింది. "పొయ్యవే, పొయ్యి! నీ చెల్లెల్ని పాడె మీద లేపుదువుగాని. లేదంటావా, అందరిలాగే చూస్తూ కూర్చో. చూడ్డానికేం నొప్పి?"

చెల్లెలి ఎండిన పెదాలు ముత్యాలి కళ్లముందు ఆడాయి. అవతలి ఓడ మీద ఎవరో తలపాగా విప్పి ఊపుతున్నారు. ఆమె ఏడుస్తూనే సంచిలో కొబ్బరిపీచు కుక్కి, కలశమంతా దానిలో వొంపి, తాడు కట్టి నీళ్లలోకి వదిలింది.

నూనె పరుచుకుంటూ పోయింది. అలలు విరగడం మానాయి. నురగే ఒళ్లయిన రక్కసికి నిలబడే చోటు లేకపోయింది. నడుమూ భుజాలూ, ఆఖరికి ఆ నవ్వూ కరిగి నీళ్లలో కలిశాయి. అవతలి ఓడ లంగరు నేలను పట్టుకుంది. నలుగురు బతికారు.

ఇంటికి ఇంకా మూడు రోజుల ప్రయాణం. ముత్యాలి ఖాళీ కలశాన్ని ఒళ్లోంచి దించలేదు. నూకయ్య పూటపూటా గంజి తెచ్చి పక్కన పెట్టి వెళ్లేవాడు. తమ ఓడ వదిలి ఈ ఓడ ఎక్కిన ఆ నలుగురూ, పోయిన ముగ్గురి పేర్లూ తలుచుకుంటూ కూర్చున్నారు.

రేవు దగ్గరపడేసరికి పిల్లల గోల వినబడింది. కేకలు, ఏడుపులు, కొట్లాటలు, ఎవరినో ఎవరో గిల్లిన అరుపు. ఓడ ఒడ్డు చేరగానే చిక్కి సగమైన ఒక పిల్ల అందర్నీ తోసుకుంటూ వచ్చింది.

"ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే, అక్కా? నాకేం తెచ్చావు?"

ముత్యాలి రెండు చేతులూ చాపి చూపింది. వాటిలో ఏమీ లేదు. ఆ చేతులతోనే చెల్లెల్ని ఎత్తుకుంది.