కుడి వెనక టైరు

కమిటీ పెద్దలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మనిషిని చంపిన ఆ టైరును మీలో ఒక్కరైనా చేత్తో ముట్టుకున్నారా? ఫ్యాను కింద కూర్చున్నారు, టీ తాగారు, పావుగంటలో తీర్పు రాసేశారు: "గాట్లు లోతుగా కోయడం వల్ల టైరు పగిలింది. కోసినవాడిదే నిర్లక్ష్యం." ఆ కాగితాన్ని మట్టి ట్రాకు గేటుకు అతికించి ఇళ్ళకు పోయారు. కోసినవాడు ముప్పై ఏళ్ళుగా మీ కారు పందేలకు టైర్లు సిద్ధం చేస్తున్న ముసలివాడు. ఆ కారు నడుపుతూ పోయినవాడు అతని అల్లుడు. ఆ ఇద్దరికీ నడుమ ఒక ఆడమనిషి ఉంది. నాలుగు నెలలు ఆమె ఎలా గడిపిందో మీ కాగితంలో ఒక్క ముక్క లేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

గురువారం పొద్దున ఆమె తూకాల మాస్టారి గదికి వచ్చింది. మాస్టారు ఒకప్పుడు దుకాణాల కాటాలు బాగుచేసేవాడు. ఎవడి కాటా ఎక్కడ అబద్ధమాడుతుందో పట్టుకునీ పట్టుకునీ, చివరికి డిటెక్టివ్ అయ్యాడు. ఆయనకు సహాయంగా ఉండేది కండక్టరమ్మ. ఇరవై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. మొహం చూసి టిక్కెట్టు లేనివాణ్ణి పట్టేయగలదు గానీ, మాస్టారు వస్తువును చూసి మనిషిని పట్టుకుంటాడని ఆమెకు తగని గొప్ప.

"కూర్చోమ్మా," అన్నాడు మాస్టారు.

"కూర్చోనండీ. కూర్చుంటే ఏడుపొస్తుంది. ఒక్కటే అడగడానికొచ్చా. మా నాన్న చేతి గాటే మా ఆయన్ని చంపిందా? అవునైతే అవునని చెప్పండి. నేను తట్టుకుంటా. తెలీకపోవడమే తట్టుకోలేకపోతున్నా."

"మీ నాన్నగారు ఏమంటారు?" అంది కండక్టరమ్మ.

"నేను అడిగితే కదా! నాలుగు నెలలైంది మాట్లాడి. ఒకటే వీధి. పాలకెళ్తూ ఆయన గుమ్మం ముందు నుంచే పోతా. లోపల దగ్గు వినిపిస్తుంది. కాళ్ళు ఆగిపోతాయి. 'నాన్నా' అని పిలుద్దామని నోటిదాకా వస్తుంది. ఆ నోట్లోనే మా ఆయన పేరూ ఉంది. ఏ పేరూ పలక్కుండా పాలకెళ్ళిపోతా."

ఆదివారం కొత్త సీజను మొదటి పందెం. శనివారం కమిటీ కూర్చుని ముసలివాణ్ణి జన్మలో ట్రాకు గడప తొక్కకుండా వెలేస్తుంది. మాస్టారికున్న గడువు రెండు రోజులు.

గాట్ల మామ (టైర్లకు మట్టి పట్టేలా గాట్లు కోస్తాడని ట్రాకులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు) తన రేకుల షెడ్డులో, చల్లారిన పనిముట్ల ముందు కూర్చుని ఉన్నాడు. మాస్టారు వచ్చిన పని చెప్పగానే అతను అడిగిన మొదటి మాట, "అమ్మాయి తింటోందా?"

"మీ పని గురించి చెప్పండి," అన్నాడు మాస్టారు మెల్లగా.

"పనేముంది బాబూ. పందెం రోజు మధ్యాహ్నం నేనూ అల్లుడూ ట్రాకు మీదికెళ్ళేవాళ్ళం. నీళ్ళు చల్లిన మట్టిలో బొటనవేలు గుచ్చి చూసేవాణ్ణి. 'మామా, మట్టి ఏమంటోంది?' అనేవాడు. వేలికి అంటుకుంటే మెత్త రబ్బరు, వెడల్పు గాట్లు. ఎండి అద్దంలా మెరుస్తుంటే గట్టి రబ్బరు, సన్న గాట్లు. నేను చెప్పిందానికి ఎదురు చెప్పేవాడు కాదు. 'కూతుర్నే నమ్మి ఇచ్చావు, టైరు విషయంలో నిన్ను నమ్మనా?' అనేవాడు వెధవ." అతను ఆగి, చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు ట్రాకు మీద నీళ్ళు కొడితే ఆ వాసన ఇక్కడిదాకా వస్తుంది. తలుపేసుకుంటా."

"గాటు లోతు ఎలా తెలుస్తుంది?"

"కొత్త టైరు మీద అక్కడక్కడా సన్న చిల్లులుంటాయి. అచ్చులోనే వస్తాయి. రబ్బరు ఎంతుందో చెప్పడానికే అవి. లోతు కొలిచే సూదిగేజీ దింపితే పదకొండు మిల్లీమీటర్లు రావాలి. వచ్చింది. వేడి కత్తితో ఎనిమిది కోశా. మూడు మిగిల్చా. ముప్పై ఏళ్ళుగా అంతే."

"ఆ టైరులో మరేదైనా తేడా కనిపించిందా?"

ముసలివాడు ఆలోచించాడు. "చుట్టుకొలత ముప్పావు అంగుళం తక్కువొచ్చింది. మా కార్లన్నీ ఎడమకే తిరుగుతాయి, అందుకని కుడి వెనక టైరు పెద్దదుండాలి. ట్రాకు స్టోరులో అడిగితే, 'ఈ లోడు కాస్త చిన్నగా వచ్చింది, గాలి ఎక్కువ కొట్టి ఎండలో పెట్టు, సాగుతుంది' అన్నారు. పెట్టా. సాగింది."

"పైన గరుకు పట్టించింది మీరేనా?"

"కాదు. కొత్త టైరు నున్నటి తోలు మట్టిని పట్టదు. దాన్ని అరగదియ్యాలి. రెండేళ్ళుగా ఆ పని స్టోరువాళ్ళే చేసి, పట్టీ చుట్టి సీలేసి ఇస్తున్నారు. పట్టీ నేనే తెంచా."

బయటికొచ్చాక కండక్టరమ్మ ఉండబట్టలేక అడిగింది. "మాస్టారూ, ఆయన మొహంలో అబద్ధం లేదు. మరి టైరెందుకు పగిలింది?"

"మొహం నిజం చెప్పింది సరే. సూది ఏం చెప్పిందో చూడాలి."

పగిలిన టైరు కారు యజమాని షెడ్డులో ఉంది. యజమాని వీళ్ళను చూడగానే ఒంటికాలి మీద లేచాడు.

"మళ్ళీనా? మనిషి పోయాడు, కారు పోయింది. ఇంకా ఏం పీకుతారు ఇక్కడ?"

"టైరు చూసి పోతాం."

టైరు రెండో చుట్టులోనే పగిలింది కాబట్టి పెద్దగా అరగలేదు. మాస్టారు గాట్లు కొలిచాడు. ఎక్కడ కొలిచినా ఎనిమిదే. కానీ గాటు అడుగున వేలు పెడితే పల్చటి పొర కింద దారాల గరుకు తగిలింది. తరవాత చిల్లుల్లో సూది దింపాడు. పదకొండు, పదకొండు, పదకొండు. సూది పైకి తీస్తే మొన మీద తెల్లటి దారప్పీచు.

"లోపలి బట్ట వరకూ దిగిన చిల్లు," అని మాస్టారు తనలో తాను గొణుక్కున్నాడు. యజమాని వైపు తిరిగి, "ఇదే లోడులో వచ్చిన దీని జత టైరేదీ?" అన్నాడు.

"లేదు."

కండక్టరమ్మ అతని కళ్ళలోకి చూసింది. "టిక్కెట్టు లేదంటున్నావు గానీ, చెయ్యి జేబు మీద పెట్టుకున్నావయ్యా."

యజమాని కోపం అంతా గాలి తీసినట్టు దిగిపోయింది. వెనక గదిలోంచి గోనెపట్టా కప్పిన టైరొకటి దొర్లించుకొచ్చాడు. స్టోరు పట్టీ, దాని మీద సంతకం చెక్కుచెదరలేదు. "వచ్చే పందేనికని పోయినవాడే ఎంచి పక్కన పెట్టుకున్నాడు. దీన్ని ఇంకొకడికి బిగించలేక దాచానండీ. ఇంకేం లేదు."

"విప్పకండి. శనివారం కమిటీ ముందుకు పట్టుకురండి."

స్టోరు నడిపేది ట్రాకు ఇన్‌స్పెక్టరు. టైర్లు కొనేదీ, అరగదీసేదీ, పట్టీ మీద సంతకం పెట్టేదీ అతనే. ప్రమాదం మీద కమిటీకి నివేదిక రాసిందీ అతనే. ఇస్త్రీ మడత నలగని చొక్కా. మాటా అంతే.

"ముసలాయన మీద నాకూ జాలే సార్. కానీ పది మిల్లీమీటర్లు కోశాడు. చేతులు వణుకుతున్నాయి పాపం."

"మీరు కొలిచారా?"

"కొలవకుండా రాస్తానా?"

గోడకు ఒక చిన్న డ్రిల్లు వేలాడుతోంది. దాని మొన పైన ఇత్తడి కంఠం బిగించి ఉంది. మాస్టారు దాన్ని మెచ్చుకోలుగా చూశాడు.

"పరీక్షకు రబ్బరు ముక్క తియ్యడానికి," అన్నాడు ఇన్‌స్పెక్టరు గర్వంగా. "ఆ కంఠం నేనే చేయించా. అనుకున్న లోతు కంటే వెంట్రుకవాసి ఎక్కువ దిగదు."

"పాత టైర్లు?"

"రెండేళ్ళు దాటితే రబ్బరు గట్టిపడుతుంది. నేనే ముక్కలు చేయించి పారేస్తా. రూలు."

శనివారం పొద్దున కమిటీ గదిలో అందరూ చేరారు. అధ్యక్షుడు, ఇన్‌స్పెక్టరు, కారు యజమాని ముందు వరసలో. గాట్ల మామ తలుపు పక్కన. కూతురు ఎదురు గోడకు ఆనుకుని. ఇద్దరి మధ్య పదడుగులు. ఒకరినొకరు చూసుకోలేదు.

మాస్టారు సీలు టైరును బల్ల మీద పెట్టించాడు. "ఇన్‌స్పెక్టరుగారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"పట్టీ మీరు చుట్టాక ఎవరూ ముట్టలేదని ఒప్పుకుంటారా?"

"చూస్తే తెలుస్తోందిగా."

మాస్టారు పట్టీ తెంచి, అధ్యక్షుడి చేతికే సూదిగేజీ ఇచ్చాడు. ప్రతి చిల్లులోనూ పదకొండే వచ్చింది. అప్పుడు యజమాని పెద్ద కత్తితో టైరును అడ్డంగా కోసి, కోసిన చోటు అందరికీ చూపించాడు. రబ్బరు మందం తొమ్మిది మిల్లీమీటర్లే. చిల్లు రబ్బరు దాటి, లోపలి దారాల్లోకి దిగింది.

"తొమ్మిది మిల్లీమీటర్ల రబ్బరులో పదకొండు మిల్లీమీటర్ల చిల్లు!" అన్నాడు మాస్టారు. "ఇది అచ్చులో వచ్చింది కాదు. స్టోరులో గడువు దాటిన టైర్లున్నాయి. పైన రబ్బరు చెక్కలా గట్టిపడింది. దాన్ని మూడు మిల్లీమీటర్లు అరగదీస్తే కింద మెత్తగా, కొత్తదానిలా ఉంటుంది. కొత్త టైరునూ అరగదీసే ఇస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. చుట్టూ మూడు పోతే చుట్టుకొలత ముప్పావు అంగుళం తగ్గుతుంది. అందుకే ఎండలో సాగదీయమన్నారు. ఒక్కటే చిక్కు. అచ్చు చిల్లు బట్టకు ఒక మిల్లీమీటరు పైనే ఆగుతుంది కాబట్టి, మూడు అరగదీశాక అందులో సూది ఎనిమిదే చూపిస్తుంది. దాంతో వాటిని మళ్ళీ పదకొండుకు తొలిచారు."

జేబులోంచి తీసిన గుడ్డ విప్పాడు. అందులో స్టోరు డ్రిల్లు ఉంది. పొద్దున అధ్యక్షుడే తెప్పించాడు. చిల్లులో దింపితే ఇత్తడి కంఠం రబ్బరుకు ఆనేసరికి మొన సరిగ్గా అడుగు తాకింది.

"మామ మూడు మిగిల్చానని నమ్మాడు. నిజానికి తొమ్మిదిలో ఎనిమిది పోగా మిగిలింది ఒక్కటే. ఆయన చెయ్యి వణకలేదు. ఆయన కొలతకు అబద్ధం నేర్పారు. నివేదికలో పది కోశాడని రాశారు. టైరు మీద గాటు ఎనిమిదే. ఎనిమిదని రాస్తే, మిగతా రబ్బరు ఏమైందని ఎవరైనా అడుగుతారుగా!"

ఇన్‌స్పెక్టరు లేచాడు, కూర్చున్నాడు. ఆ చొక్కా మడత అప్పుడు నలిగింది. "మూడేళ్ళ కిందటి ఆర్డరు. నేనే ఎక్కువ తెప్పించా. పారేస్తే చేతగానివాణ్ణని తీసేసేవాళ్ళు. ఒక్క సీజను నడిస్తే అయిపోతాయనుకున్నా. పగులుతాయనుకోలేదు."

"పగిలాక?" అంది కండక్టరమ్మ.

గాట్ల మామ నేలవైపు చూస్తూ అన్నాడు. "ఏదైతేనేం, కోసింది నా చెయ్యే. వాడు నన్ను నమ్మాడు. నేను సూదిని నమ్మా."

కూతురు ఆ పదడుగులూ నడిచింది. ఆయన పక్కన నేల మీద కూలబడి, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. నాలుగు నెలల మాట ఒక్కసారిగా బయటికొచ్చింది. "నాన్నా!" అంతే. ఆ తరవాత చాలాసేపు ఏడుపే.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "ఘోరం జరిగింది, కాదనను. చట్టం చూసుకుంటుంది. కానీ రేపటి పందేనికి టైర్లన్నీ పంచేశాం. టిక్కెట్లు అమ్ముడుపోయాయి. రేపటిది కానిచ్చి, సోమవారం తీరిగ్గా..."

ఆమె తండ్రి చెయ్యి వదలకుండానే లేచింది.

"సోమవారం ఎవరికండీ? రేపు కారెక్కేవాళ్ళకు ఇళ్ళు లేవా? గుమ్మంలో నిలబడి ఎదురుచూసేవాళ్ళు లేరా? నేనింకా సాయంత్రమైతే గేటువైపే చూస్తున్నా, రాడని తెలిసీ. ఇంకో ఆడదానికి ఆ చూపు ఇవ్వనివ్వను. పందెం ఆపండి. పంచిన టైర్లన్నీ ఇప్పుడే, ఈ ఎండలోనే, మైదానంలోకి దొర్లించండి. ప్రతి దాన్నీ అడ్డంగా కోసి, దాన్ని బిగించుకోబోయినవాడికీ వాడి ఇంటివాళ్ళకీ లోపలేముందో చూపించండి. గేటు మీద మీ కాగితం మీరే చింపండి. ఇదంతా అయ్యేదాకా నేనూ మా నాన్నా ట్రాకు మధ్యలో కూర్చుంటాం. లేపగలిగినవాళ్ళు లేపండి."